కొమ్మ మెడ దగ్గర ఆగే రంపం

చెట్టును నరికివేయడం వేరు, దాన్ని బతికించుకుంటూ అవసరమైన మేరకే కోయడం వేరు. ఈ రెండో పనిని వృత్తిగా స్వీకరించినవారిని బ్రిటన్‌లో ట్రీ సర్జన్లు అంటారు. ఎండిన కొమ్మలను తీయడం, ఇంటి కప్పు మీదికి వాలిన శాఖల బరువు తగ్గించడం, చీలబోతున్న పంగలకు కట్లు వేయడం, ఇక నిలవదని తేలిన చెట్టును చుట్టుపక్కల గోడలకూ మనుషులకూ హాని జరగకుండా ముక్కలు ముక్కలుగా కిందికి దించడం వారి నిత్యకృత్యాలు. శస్త్రచికిత్స అనే మాట వినగానే గాయం మానుతుందన్న భావం కూడా వెంట వస్తుంది కానీ, చెట్టు విషయంలో ఆ పోలిక కొంత దూరమే సాగుతుంది. ఆ పోలిక ఎక్కడ చెల్లదో తెలిస్తేనే ఈ వృత్తిలోని పనిముట్లూ జాగ్రత్తలూ ఇప్పుడున్న రూపానికి ఎందుకు వచ్చాయో బోధపడుతుంది.

మనిషి చర్మం తెగితే అక్కడ కొత్త కణాలు పుట్టి చెడిన కణాల చోటును భర్తీ చేస్తాయి. చెట్టు చెక్కలో అలా జరగదు. ఒకసారి తెగిన చెక్క తెగినట్టే ఉండిపోతుంది. చెట్టు చేయగలిగిందల్లా గాయం చుట్టూ ఉన్న నాళాలను మూసి, కణాలను రసాయనాలతో నింపి, కుళ్లు లోపలికి పాకకుండా అడ్డుగోడలు కట్టి, ఆ తర్వాత ఏటేటా కొత్త చెక్క పొరలు వేసుకుంటూ ఆ గాయాన్ని తన ఒడలిలోనే పూడ్చిపెట్టడం. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది చెట్లను మోటారు రంపంతో నిలువునా చీల్చి, కుళ్లు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో గమనించి, 1970ల్లో ఈ అడ్డుగోడల సిద్ధాంతాన్ని ప్రకటించారు. అప్పటివరకు కొమ్మను కాండానికి సమంగా, నున్నగా చెక్కివేసి, కోసిన చోట తారు వంటి పూత పూయడమే మంచి పనితనమని అందరూ నమ్మేవారు.

ఆ నమ్మకానికి వెనుక చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ డేవీ 1901లో చెట్ల వైద్యం గురించి పుస్తకం రాసి, ఈ పనికి ఒక వృత్తి గౌరవాన్ని తెచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో, పుచ్చుపన్నును దంతవైద్యుడు శుభ్రం చేసి పూడ్చినట్టే, చెట్టు తొర్రలను తొలిచి సిమెంటుతో నింపడం గొప్ప విద్యగా చెలామణి అయింది. ఉద్దేశం మంచిదే అయినా, కుళ్లును పూర్తిగా తీసివేయాలని గట్టి చెక్క తగిలేదాకా తొలిచినప్పుడు, చెట్టు కష్టపడి కట్టుకున్న అడ్డుగోడ కూడా దానితోపాటే పోయేది, కుళ్లుకు కొత్త దారి తెరుచుకునేది. చెట్టు వైద్యంలో చేయి చేసుకోవడం కన్నా చేయి ఆపుకోవడం ఎక్కువ విద్య అని ఆ వృత్తి నేర్చుకోవడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

ఇప్పుడు అనుసరిస్తున్న కోత పద్ధతికి షైగో పరిశోధనే ఆధారం. కొమ్మ కాండం నుంచి బయలుదేరే చోట కొద్దిగా ఉబ్బి, ముడతలు పడి ఉంటుంది. దాన్ని కొమ్మ మెడ అనుకోవచ్చు. కుళ్లును ఆపే సహజమైన రక్షణ ఉండేది అక్కడే. రంపం ఆ మెడకు ఆనుకుని బయటివైపు ఆగితే చెట్టు ఆ గాయాన్ని చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుంది. మెడను కూడా కోసివేస్తే కాండమే గాయపడుతుంది. మెడకు దూరంగా జానెడో మూరెడో మోడు వదిలేస్తే ఆ మోడు ఎండి, కుళ్లి, లోపలికి దారి చూపుతుంది. బరువైన కొమ్మను ఒకే కోతతో తీయబోతే అది సగంలోనే విరిగి, తనతోపాటు కాండం మీది బెరడును పొడుగునా చీల్చుకుంటూ పోతుంది కాబట్టి, ముందుగా మెడకు కొంత దూరాన కింది నుంచి ఒక గాటు పెట్టి, ఇంకాస్త బయటగా పై నుంచి కోసి కొమ్మ బరువును దించేసి, మిగిలిన మోడును చివరగా మెడ దగ్గర నిదానంగా తీస్తారు. మూడు కోతల్లో మొదటి రెండూ మూడోదాన్ని శుభ్రంగా చేయడానికే.

అయితే ఆ మూడో కోత చక్కగా పడాలంటే, మనిషి కొమ్మ మొదలు దాకా చేరాలి, అక్కడ రెండు చేతులూ ఖాళీగా ఉండేలా స్థిరంగా నిలవాలి. ఈ వృత్తికి సంబంధించిన తాళ్లూ పట్టీలూ ముడులూ అన్నింటి మూలం ఇందులోనే ఉంది. నిచ్చెన మీద ఒక చేత్తో వేలాడుతూ మరో చేత్తో కత్తి విసిరేవాడికి కొమ్మ మెడ అందదు, అందిన చోట నరుకుతాడు. అందువల్ల ఆ మనిషి ప్రాణానికి ఎంత ముప్పో చెట్టు ప్రాణానికీ అంతే ముప్పు. మనిషి భద్రత, చెట్టు క్షేమం రెండు వేర్వేరు అంశాలని అనుకోవడం ఈ పనిని సరిగా చూడకపోవడమే.

ఎక్కేవారు ముందుగా చిన్న బరువు సంచి కట్టిన సన్నని దారాన్ని పైకి విసిరి, గట్టి పంగలో పడేలా చేసి, దాని సాయంతో అసలు తాడును పైకి లాగుతారు. నడుముకూ తొడలకూ బిగించుకున్న పట్టీల సరంజామాను హార్నెస్ అంటారు; తాడుకూ హార్నెస్‌కూ మధ్య ఉండేది బరువు పడితే బిగిసిపోయి, చేత్తో కిందికి నొక్కితే జారే ఒక ప్రత్యేకమైన ముడి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ పేరు మీద ప్రసిద్ధమైన 1931 నాటి ముడి ఈ కుటుంబానికి చెందినదే. ఇప్పుడు చాలామంది ముడి బదులు అదే పని చేసే లోహపు పరికరాలు వాడుతున్నారు. మోటారు రంపం చేతిలో ఉన్నంతసేపూ ఒకే తాడు మీద ఆధారపడకూడదు, ఎందుకంటే ఆ ఒక్క తాడునే రంపం కోయవచ్చు; అందుకే ప్రధాన తాడుతోపాటు నడుము నుంచి కొమ్మ చుట్టూ మరో పొట్టి తాడు వేసుకుంటారు, దానిలో ఉక్కు తీగ పేనినవి కూడా దొరుకుతాయి. ఎత్తులో చేసే పనుల గురించి బ్రిటన్‌లో 2005లో వచ్చిన నిబంధనలు, మనుషుల బరువు మోసే తాళ్లనూ కొక్కేలనూ ఆరు నెలలకోసారి నిపుణుడు పరీక్షించి నమోదు చేయాలన్న 1998 నాటి నిబంధనలు ఈ అలవాట్లకు చట్టం బలాన్ని చేర్చాయి.

మోటారు రంపం ప్రమాదం దాని పదునులో ఒక వంతయితే, దాని స్వభావంలో మిగిలిన వంతులు ఉన్నాయి. రంపం పలక ముక్కు పైభాగం ఏదైనా కొమ్మకు తగిలితే, గొలుసు చెక్కను కోయలేక, ఆ వేగమంతా వెనక్కి మళ్లి పలక ఒక్కసారిగా మనిషి ముఖం వైపు లేస్తుంది. మనిషి తేరుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకే ముందు పిడికి ఎదురుగా, చేతి మణికట్టు తగిలితే గొలుసును ఆపేసే బ్రేకు ఉంటుంది. రక్షణ ప్యాంటు పనితీరు ఇంకా ఆసక్తికరం. అది గొలుసును తెగకుండా ఎదిరించే కవచం కాదు. దానిలో పొరలు పొరలుగా ఉన్న పొడవైన సన్నని దారాలు గొలుసు తగలగానే బయటికి వచ్చి, దానితోపాటు తిరిగి, పళ్ల చక్రానికి చుట్టుకుని రంపాన్ని బిగదీసి ఆపేస్తాయి. నేల మీద నిలబడి కోసేవారికి కాళ్ల ముందువైపు ఈ పొరలుంటే చాలు; చెట్టు మీద కాలు ఏ వైపు తిరిగి ఉంటుందో చెప్పలేం కనుక ఎక్కేవారు చుట్టూ పొరలున్న రకం తొడుక్కుంటారు. పైన వాడే చిన్న రంపాలను ఒంటి చేత్తో పట్టుకోవడం సులువే, ఆ సులువే ఎన్నో గాయాలకు కారణమైంది కూడా. అనుభవం ఉన్నవారు చిన్న కొమ్మలకు మోటారు రంపం ముట్టుకోకుండా నడుముకు వేలాడే చేతి రంపంతోనే పని కానిస్తారు; దాని కోత నిదానం, నున్నన, నమ్మకం.

కింద ఉండే మనిషి పని పైవారి పనికి ఏమాత్రం తక్కువ కాదు. కోసిన ముక్కను తాడుతో కట్టి, కాండం మొదట బిగించిన ఇనుప డ్రమ్ముకు ఆ తాడును రెండు మూడు చుట్లు చుట్టి, రాపిడితో వేగాన్ని అదుపు చేస్తూ మెల్లగా దించేది అతడే. దారిన పోయేవారిని ఆపేదీ, పైవాడు కేకవేస్తే బదులు పలికేదాకా ముక్క వదలకుండా చూసేదీ అతడే. పైన ఉన్నవాడు గాయపడితే, లేదా స్పృహ తప్పి పట్టీల్లో వేలాడితే, ఎక్కి దించగల నేర్పూ రెండో జత పరికరాలూ నేల మీద సిద్ధంగా ఉండాలన్నది నియమం. అలా కదలకుండా వేలాడడమే కొద్ది నిమిషాల్లో ప్రాణాంతకం కావచ్చు. కొమ్మలను పొట్టు చేసే యంత్రం చిప్పర్ దగ్గర మరో జాగ్రత్త అవసరం: కొమ్మల మధ్య ఎక్కే తాడు చిక్కుకుపోయి యంత్రంలోకి వెళితే, అది పైనున్న మనిషినే లాగేస్తుంది.

ఈ పని రోజు రంపంతో మొదలు కాదు. ఉదయం చెట్టు చుట్టూ తిరిగి, మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయా, బెరడు తడితే బోలుగా మోగుతోందా, కరెంటు తీగ ఎంత దూరంలో ఉంది, గబ్బిలాలు ఉండే తొర్రలు ఉన్నాయా అని చూసి కాగితం మీద రాస్తారు. పక్షి వాడుతున్న గూటిని తెలిసి పాడుచేయడం బ్రిటన్‌లో 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కాబట్టి వసంతంలో చాలా పనులు వాయిదా పడతాయి. గంటల తరబడి రంపం కంపనం వేళ్ల నరాలనూ రక్తనాళాలనూ దెబ్బతీసి, చలిలో వేళ్లు తెల్లబారి తిమ్మిరెక్కే జబ్బును తెస్తుంది. భుజాలూ నడుమూ ముందే అరిగిపోతాయి. సాయంత్రం గొలుసు పళ్లకు ఆకురాయి పట్టి, తాడును వేళ్ల మధ్య అంగుళం అంగుళం జరుపుతూ తెగిన పోగుల కోసం వెతికితే గానీ రోజు ముగియదు. 2012లో బ్రిటన్‌లో బయటపడిన శిలీంధ్ర వ్యాధి అక్కడి యాష్ చెట్లను పెళుసుగా మార్చింది. అలాంటి చెట్టు మనిషి బరువుకే విరగవచ్చు కాబట్టి దాన్ని ఎక్కకుండా, యంత్రపు తొట్టెలో నిలబడి తీయవలసి వస్తోంది.

చెట్టు వైద్యమంతా కొమ్మల్లోనే లేదని 1987 అక్టోబరు తుపాను చూపింది. దక్షిణ ఇంగ్లండ్‌లో దాదాపు కోటిన్నర చెట్లను కూల్చిన ఆ రాత్రి, లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో చాలాకాలంగా నీరసించి ఉన్న టర్నర్ ఓక్ అనే పాత వృక్షాన్ని గాలి వేళ్లతో సహా పైకెత్తి తిరిగి అదే గుంటలో కూర్చోబెట్టింది. పడిపోకుండా ఆసరాలు పెట్టి వదిలేసిన ఆ చెట్టు, కొన్నేళ్లలో మునుపటి కన్నా ఏపుగా పెరిగింది. సందర్శకుల అడుగుల కింద రాయిలా గట్టిపడిన నేల ఆ కుదుపుతో వదులై, వేళ్లకు గాలీ నీరూ అందాయన్నదే దానికి కారణమని అక్కడి నిపుణులు గ్రహించి, వాయువును ఒత్తిడితో నేలలోకి పంపి వేళ్ల చుట్టూ మట్టిని గుల్లబరిచే పద్ధతిని చికిత్సగా చేపట్టారు.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి ఉదాహరణ మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. చెదలు తినడంతో 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడగా, సందర్శకులను నిలిపివేసి, 2018లో పలుచన చేసిన చెదల మందును సెలైన్ సీసాల ద్వారా చుక్కలు చుక్కలుగా కాండంలోకి ఎక్కించి, బరువైన కొమ్మల కింద కాంక్రీటు స్తంభాలు నిలిపారు. ఆ ఒక్క మర్రి మీద చూపిన శ్రద్ధలో పదో వంతు కూడా పట్టణాల వీధి చెట్లకు దక్కకపోవడం బాధాకరం. వానాకాలానికి ముందు తీగలకు అడ్డమని కోసే కొమ్మలు ఎక్కడ అందితే అక్కడ తెగుతాయి. మోళ్ల చివర్ల నుంచి గుబురుగా లేచే చిగుళ్లు కొమ్మలైనప్పుడు, వాటి పట్టు పైపైదే కాబట్టి తర్వాతి గాలివానకు ముందుగా విరిగేవి అవే.

ఎక్కే విద్యకు మాత్రం ఇక్కడ కొదవ లేదు. నడుము చుట్టూ, తాటి మాను చుట్టూ మోకు వేసి, కాళ్లకు బంధం తగిలించుకుని రోజూ పలుమార్లు పైకి వెళ్లివచ్చే గీత కార్మికులకు ఎత్తు తెలుసు, చెట్టు స్వభావం తెలుసు, పట్టు తప్పితే ఏమవుతుందో అందరికన్నా బాగా తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో వారికి తాళ్లు, క్లిప్పులు, కాలి బంధాలున్న కిట్లను శిక్షణతో పాటు ఇవ్వడం మొదలుపెట్టింది. కొమ్మలు లేని తాటి మాను ఎక్కే పద్ధతి శాఖోపశాఖలైన రావికీ వేపకీ యథాతథంగా సరిపోదు, కానీ ఆ కిట్‌లోని తాడూ క్లిప్పూ పనిచేసే సూత్రం ట్రీ సర్జన్ హార్నెస్‌దే. మునిసిపాలిటీలు కొమ్మలు కోయించేటప్పుడు నిచ్చెనకు బదులు ఆ తాడును, కత్తికి బదులు చేతి రంపాన్ని ఇచ్చి, కొమ్మ మెడ ఎక్కడుందో ఒక్క పూట నేర్పితే, ఆ పని చేయగల మనుషులు ఊరూరా ఇప్పటికే ఉన్నారు.