బ్యాటుకు గట్టింగు
(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను చెప్పబోయేది అల్లికల గురించేనండీ. కాకపోతే ఊలుతో కాదు, నైలాను తీగతో. సూదులతో కాదు, పిడి తిప్పే మిషనుతో. టెన్నిస్ బ్యాటు మధ్యలో వలలాగా ఉంటుంది చూడండి, దాన్ని కట్టే పని. పుస్తకాల్లో రాకెట్టు అని రాస్తారు గానీ మన పిల్లలు బ్యాటనే అంటారు. ఆ వల కట్టడాన్ని గట్టింగు అంటారు. నేనూ అట్లాగే అంటాను.

మాది బేతంచెర్ల. గుంతకల్లు, నంద్యాల రైలు దారిలో, నాపరాళ్ళకు పేరుపడ్డ ఊరు. మీలో ఎంతోమంది వంటింట్లో కాలు పెట్టేది మా ఊరి బండ మీదే అయి ఉంటుంది. బండలకు కొదవ లేదు గానీ, బ్యాటుకు గట్టు ఒకటి తెగిందంటే మేము నంద్యాలకో కర్నూలుకో పంపవలసిందే. తీసుకెళ్ళే మనిషి దొరికేదాకా ఒక రోజు, కొట్లో కట్టేదాకా రెండు మూడు రోజులు, మళ్ళీ తెచ్చేవాళ్ళ కోసం ఎదురుచూపు. మా అమ్మాయి షటిల్ ఆడుతుంది. మా అక్క కొడుకు సెలవులకు వస్తూ టెన్నిస్ బ్యాటు తెచ్చుకుంటాడు. ఇద్దరి బ్యాట్లూ ఎప్పుడు చూసినా ప్రయాణంలోనే ఉండేవి.

ఎవరో దుకాణం ఎత్తేస్తూ పాత చేతిమిషను అమ్ముతుంటే మా వారు కొనుక్కొచ్చి హాల్లో పెట్టారు. ఆయన దాని చుట్టూ రెండు రోజులు తిరిగి ఊరుకున్నారు. అంత ఇనుము ఊరికే పడి ఉండటం చూడలేక నేను పట్టుకున్నాను.

అది చూసి మా అత్తగారు, "గట్టు అంటే ఏందమ్మా?" అన్నారు. ఇంగ్లీషులో పేగు అని అర్థం చెప్పేసరికి ఆవిడ మిషనును వసారాలోకి గెంటించేదాకా ఊరుకోలేదు! ఆవిడ భయంలో అబద్ధం లేదు. ఫ్రాన్సులో లియాన్ పట్టణంలో పియర్ బాబొలా అనే ఆయన 1875లో టెన్నిస్ బ్యాటుకు మొదటిసారి పేగు నరాలు తయారుచేశాడు. ఇప్పటికీ ఆవు పేగు పొరతో చేసిన గట్టు దొరుకుతుంది. ఖరీదెక్కువ, తడి తగిలితే పాడవుతుంది. మనం కొట్లో కొనేది మాత్రం నైలానో పాలిస్టరో. ఆ సంగతి చెప్పాక మిషను మళ్ళీ హాల్లోకి వచ్చింది.

మిషను గురించి నాలుగు మాటలు. నడుమ గుండ్రంగా తిరిగే పీట లాంటిది ఉంటుంది. బ్యాటును దాని మీద పడుకోబెట్టి చుట్టూ అయిదారు చోట్ల మరలతో పట్టిస్తాం. ఒక పక్కన పట్టాల మీద జరిగే దవడ ఉంటుంది. గట్టు కొసను ఆ దవడలో పెట్టి పిడి తిప్పితే దవడ వెనక్కి జరుగుతూ గట్టును లాగుతుంది. లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. మనం ముందుగా పెట్టుకున్న బిగువు రాగానే 'టక్'మని పట్టేస్తుంది. అప్పుడు ఫ్రేము దగ్గర గట్టుకు క్లిప్పు బిగించి, దవడ వదిలించి, తరువాతి దానికి వెళ్ళాలి. బావి గిలక తిప్పినంత పని, అంతకంటే ఎక్కువ కాదు.

నేర్చుకోవాలంటే టెన్నిస్ బ్యాటుతోనే మొదలుపెట్టండి. షటిల్ బ్యాటు సన్నం, చటుక్కున విరుగుతుంది. పాత గట్టు తెంచేముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఏ రంధ్రంలోంచి ఏది పోయిందో తరువాత గుర్తుండదు. తెంచడం నడిమధ్య నుంచి మొదలుపెట్టి నిలువూ అడ్డమూ కలిపి బయటికి తెంచుకుంటూ రావాలి. ఒక వైపే తెంచితే రెండో వైపు బిగువు ఫ్రేమును వంచుతుంది.

మగ్గం చూసినవాళ్ళకు తక్కినదంతా తేలిక. నిలువుగా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. మామూలు టెన్నిస్ బ్యాటుకు పడుగు 16 పోగులు, పేక 19. ఒక ప్యాకెట్టులో దాదాపు 12 మీటర్ల గట్టు వస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని రెండు ముక్కలు చేసుకుని ఒకటి పడుగుకు, ఒకటి పేకకు వాడితే చిక్కు పడదు. పడుగు ముక్కను సగానికి మడిచి, రెండు కొసలూ నడిమి రంధ్రాల్లో దూర్చి, మధ్య నుంచి అటూ ఇటూ పోవాలి. కుడివైపు రెండు లాగితే ఎడమవైపు రెండు. ఒక వైపు మూడు పోగులకు మించి ముందుకు పోకూడదు. ఇది బాగా గుర్తుంచుకోండి, ఎందుకో తరువాత చెబుతాను.

పడుగు అయ్యాక కొసలు పక్క పోగుకు రెండు ముళ్ళేసి బిగించి, పేక మొదలుపెట్టాలి. తల వైపు నుంచి పిడి వైపుకు రావాలి. ఒకదాని పైన, ఒకదాని కింద, మళ్ళీ పైన, మళ్ళీ కింద. నులక మంచం అల్లిన చేతులకు ఇది కొత్తేమీ కాదు. కానీ తొందరపడి సర్రున లాగకూడదు. మాంజా దారం ఇంకో దారాన్ని కోసినట్టే పేక పడుగును రాసి కోసేస్తుంది. వేలితో గట్టును పైకీ కిందికీ ఆడిస్తూ లాగితే ఒకే చోట రాపిడి పడదు. కొస మెత్తబడి రంధ్రంలో దూరకపోతే ఏటవాలుగా కత్తిరించండి, దబ్బనంతో పొడవకండి. పక్క పోగు తెగితే మొదటికే మోసం.

నా మొదటి బ్యాటుకు నాలుగు గంటలు పట్టింది. అంతా అయ్యాక వెలుతురుకు ఎత్తి చూస్తే ఏడో వరుసలో వరుసగా రెండు పోగుల మీంచి పోయి ఉంది. "ఎవరు చూస్తారులే" అన్నారు మా వారు. కానీ ఒకటి పైన, ఒకటి కింద అన్నది ఆట చట్టంలోనే ఉందండీ. 1977లో 'స్పగెట్టీ బ్యాటు' అని ఒకటి వచ్చింది. అందులో పడుగూ పేకా ఒకదానితో ఒకటి అల్లుకోవు, అందుకని బంతి విచిత్రంగా గిరగిరా తిరిగేది. ఆ ఏడాది ఫ్రాన్సులో నస్టాసే దానితో ఆడుతుంటే, మట్టి కోర్టుల మీద వరుసగా గెలుస్తూ వచ్చిన విలాస్ ఆట మధ్యలోనే విరమించుకున్నాడు. 1978లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య గట్టు అల్లి ఉండాలని నియమం పెట్టింది. నేను ఏడో వరుస దాకా విప్పి మళ్ళీ అల్లాను.

ఇక చేతిమిషనుకు ఉన్న ఒక గుణం. కరెంటుతో నడిచేది లాగుతూనే ఉంటుంది, గట్టు సాగితే ఇంకాస్త లాగుతుంది. చేతిమిషను 'టక్'మన్నాక ఆగిపోతుంది. ఆ తరువాత గట్టు సాగినకొద్దీ బిగువు తగ్గుతుంది. కొత్తగా బిగించిన నులక మర్నాటికి కాస్త వదులు కావడం లేదూ, అట్లాగే. కనుక 'టక్' వినిపించిన తరువాత ప్రతి పోగుకూ ఒకే ఆలస్యంతో క్లిప్పు పెట్టాలి. కుక్కరు కూసిందని లేచిపోయి రెండు నిమిషాల తరువాత వచ్చి పెడితే ఆ ఒక్క పోగు తక్కిన వాటికంటే వదులు. నేను పొయ్యి మీద ఏమీ లేనప్పుడే కూర్చుంటాను. స్ప్రింగు కూడా కాలంతో పాటు మారుతుంది. అప్పుడప్పుడు స్ప్రింగు కాటా ఒకటి మధ్యలో కట్టి లాగి చూసుకోవాలి. 55 పౌండ్లు పెడితే కాటా 25 కిలోల దగ్గర ఉండాలి. మా మిషను ఒకసారి 22 చూపించింది!

ఎంత బిగువు అన్నది ఆడేవాళ్ళను బట్టి. టెన్నిస్‌కు మామూలుగా 50 నుంచి 60 పౌండ్లు. వదులుగా ఉంటే బంతి దూరం పోతుంది, గట్టిగా ఉంటే అదుపు బాగుంటుంది. పెద్ద ఆటగాళ్ళను టీవీలో చూసి పిల్లలు "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అంటారు. 2005లో హైదరాబాదులో సానియా మీర్జా టైటిలు గెలిచింది, డబ్ల్యుటిఏ సింగిల్సులో మన దేశపు ఆడపిల్లకు అదే మొదటిది. ఆమె వంటి వాళ్ళ భుజబలం వేరు, బడి పిల్లల మోచేయి వేరు. బిగువు ఎక్కువైనా, గట్టు మరీ బిరుసైనా అదురు చేతికి ఎక్కుతుంది. మోచేయి నొప్పి అన్న పిల్లకు నేను రెండు మూడు పౌండ్లు తగ్గించి మెత్తటి నైలాను వేస్తాను. కోపమొస్తే రానీ.

ఇప్పుడు ఆ మూడు పోగుల సంగతి. నాలుగైదు టెన్నిస్ బ్యాట్లు కట్టేసరికి నాకు కాస్త గర్వమొచ్చింది. ఎదురింటి అమ్మాయి షటిల్ బ్యాటు తెచ్చి, "అత్తా, ఎల్లుండి నంద్యాలలో మ్యాచి ఉంది" అంది. రేపటికల్లా ఇస్తానన్నాను. మాటల్లో పడి కుడివైపే అయిదు పోగులు లాగేశాను. పక్క మర ఒకటి సరిగా బిగించలేదు కూడా. 'టప్'మని చప్పుడు. ఫ్రేము పక్కన వెంట్రుకంత చీలిక. తిప్పి చూశాను, తుడిచి చూశాను, చీలిక పోతుందా?

కట్టి ఇచ్చేస్తే ఆ రోజుకు తెలియకపోవచ్చు. మ్యాచిలో విరుగుతుంది. అప్పుడు ఆ పిల్ల, తానే నేలకు కొట్టి ఉంటాననుకుంటుంది. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళింటికి వెళ్ళి బ్యాటు చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. వాళ్ళమ్మ, "మీకెందుకక్కా ఈ మగవాళ్ళ పని?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ పిల్ల మా అమ్మాయి బ్యాటుతో ఆడి మొదటి రౌండులోనే ఓడిపోయింది. అలవాటు లేని బ్యాటు కదా. కొత్తది కొనిచ్చాను. వాళ్ళమ్మ నెలరోజులు మా గడప తొక్కలేదు.

అప్పటి నుంచి మరలన్నీ రెండుసార్లు చూసుకుంటాను, లాగేటప్పుడు పోగులు పైకే లెక్కపెడతాను. మా అత్తగారికి కూడా ఆ లెక్క వచ్చేసింది. "కుడి రెండయినాయి, ఇంక ఎడమకు పో" అంటారు కుర్చీలోంచి.

వారానికి ఎన్నిసార్లు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు గట్టు మార్చాలని ఒక లెక్క చెబుతారు. తెగకపోయినా బిగువు చచ్చిపోతుంది. మన ఎండలకు మరీను. బ్యాటును స్కూటరు మీదో కారులోనో ఎండకు వదలవద్దని పిల్లలకు చెప్పండి. కట్టిన తేదీ, పెట్టిన పౌండ్లు చీటీ మీద రాసి పిడికి అంటిస్తే మళ్ళీసారి వెతుక్కోనక్కరలేదు.

మొన్న ఎదురింటి అమ్మాయి బ్యాటు పట్టుకొచ్చింది, నేను కొనిచ్చినదే. 22 పౌండ్లు పెట్టమంది. వెనకాల వాళ్ళమ్మ కూడా వచ్చి, కూర్చోకుండా, మిషను పక్కనే నిలబడి చివరి ముడి పడేదాకా చూసింది.