ఇంట్లో పులి!

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఓ అపార్ట్‌మెంట్‌. తలుపు తీసి ఉంది కదా అని పక్క ఫ్లాట్‌ లాబ్రడార్‌ లోపలికి తొంగిచూస్తుంది. అంతే! గుమ్మంలోని 4 కిలోల పిల్లి 30 కిలోల కుక్కని అక్కడే నిలబెట్టేస్తుంది. ఎలాగంటారా... వీపు విల్లులా వంచి, రోమాలు నిక్కబొడుచుకుని, పక్కకి తిరిగి నిల్చుంటుంది. దాంతో ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. పైగా పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. కదలకుండా బుసకొట్టేదాన్ని చూస్తే ఏం చేయాలో దానికి తోచదు. ముక్కుమీద ఓ గోటిదెబ్బ పడిందంటే ఇక వెనకడుగే!

2014లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో ఓ కుక్క నాలుగేళ్ల బాబు కాలు కరిచి లాగుతుంటే, పెంపుడు పిల్లి ‘తారా’ దానిమీదికి దూకి తరిమేసింది. ఇంటి కెమెరాల్లో ఆ దృశ్యం చూసి ప్రపంచమే ముచ్చటపడింది. 2015లో లాస్‌ ఏంజెలెస్‌లోని జంతుసంరక్షణ సంస్థ ‘హీరో డాగ్‌’ అవార్డుని ఈ పిల్లికే ఇచ్చింది!

అయితే ఈ ధైర్యం ఒక్క కుక్క ముందే. వీధికుక్కల గుంపు చుట్టుముడితే పిల్లి బతకడం కష్టం. అందుకే రాత్రిళ్లు బయటికి వదలొద్దు. కోరలు దిగిన గాయం బొచ్చుకింద కనిపించదు కాబట్టి, పోట్లాట జరిగితే పశువైద్యుడికి చూపించాలి. విడదీయడానికి మధ్యలో చేయి పెట్టొద్దు. కరిచినా గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి.

‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అని పెద్దలు ఊరికే అనలేదు మరి!