ఖాళీ గెల నుంచి కారు విడిభాగం దాకా

కౌలాలంపూర్ నుంచి ఇపో వెళ్లే హైవే మీద ఇరుపక్కలా పామాయిల్ తోటలు చూడని మలేషియా తెలుగువారు ఉండరు. ఆ గెల నుంచి నూనె వస్తుందని అందరికీ తెలుసు. కానీ మిల్లుకు చేరిన ప్రతి వంద టన్నుల గెలల్లో, పళ్లు రాల్చేశాక మిగిలే ఖాళీ గెలలే సుమారు 22 టన్నులు! మలయ్ భాషలో వీటిని ‘తందాన్ కొసొంగ్’ అంటారు. పీచు, పెంకులు వేరే.

ఈ వ్యర్థాన్ని ప్లాస్టిక్‌లో కలిపితే? ఆలోచన కొత్తదేమీ కాదు. గోడలు పెట్టే మట్టిలో మన పెద్దలు గడ్డి, ఊక తొక్కి కలపలేదూ? అయితే పచ్చి పీచుతో ఒక చిక్కుంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాలీప్రొపిలీన్ నీటిని దరిచేరనివ్వదు. అందుకే రెండూ సరిగా అతుక్కోవు. పైగా 200 డిగ్రీలు దాటితే పీచు మాడడం మొదలవుతుంది.

గాలి తగలకుండా 400 నుంచి 600 డిగ్రీల వేడిలో పీచును ముందే బొగ్గు చేసేస్తే ఈ రెండు చిక్కులూ చాలావరకు తీరతాయి. అదే బయోచార్. నీటిని ఆకర్షించే రసాయన గుంపులు చాలావరకు పోతాయి. ఒళ్లంతా సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. కరిగిన ప్లాస్టిక్ వాటిలోకి దిగి, చల్లారాక గొళ్లెం వేసినట్టు బిగుసుకుంటుంది.

గట్టిదనం, బలం, పగలకుండా ఉండడం ఒకటే అనుకుంటాం గానీ, కావు. బయోచార్ పాలు పెంచేకొద్దీ ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది, వంచితే తేలిగ్గా వంగదు. లాగితే తట్టుకునే బలం మాత్రం ఒక మోతాదు వరకే పెరుగుతుంది. ఆ తర్వాత పొడి ఉండలు కట్టి, ఆ ఉండల దగ్గరే పగులు మొదలవుతుంది. దెబ్బను తట్టుకునే గుణం సాధారణంగా తగ్గుతుంది. అంటే డాష్‌బోర్డు లోపలి భాగానికి పనికొచ్చేది, కిందపడే బకెట్‌కు పనికిరాకపోవచ్చు. రంగూ నలుపే, వేరే దారి లేదు!

ఇది ప్రయోగశాల ముచ్చటే కాదు. 2019 డిసెంబరులో ఫోర్డ్, మెక్‌డొనాల్డ్స్ సంస్థలు కాఫీ గింజల పొట్టును తక్కువ ఆక్సిజన్‌లో వేడిచేసి, ప్లాస్టిక్‌తో కలిపి హెడ్‌ల్యాంపు గూళ్లు చేస్తున్నట్టు ప్రకటించాయి. బరువు 20 శాతం తగ్గిందనీ, అచ్చు పోయడానికి 25 శాతం వరకు తక్కువ శక్తి చాలుతుందనీ చెప్పాయి.

మన తాతముత్తాతలు పాలు గీసిన రబ్బరు కథా ఇలాంటిదే. తొలినాళ్ల టైర్లు నల్లగా ఉండేవి కావు. కార్బన్ బ్లాక్ అనే మసి కలిపాకే వాటికి అరుగుదల తట్టుకునే శక్తి వచ్చింది. ఆ మసి ముఖ్యంగా పెట్రోలియం నూనెల నుంచే వస్తుంది. తోట బొగ్గు దానికి పూర్తి బదులు కాలేదు: రేణువు ముతక, బూడిద ఎక్కువ.

నా ఉద్దేశంలో అసలు అడ్డంకి సైన్సు కాదు, నీళ్లు. ఖాళీ గెలలో సగానికి పైగా తడే. ఆరబెట్టే ఖర్చు ఎవరు భరించాలి? పెంకులు పొడిగా ఉంటాయి గానీ, వాటికి బాయిలర్ల ఇంధనంగా ఎప్పుడో ధర వచ్చేసింది. జపాన్‌కు కూడా వెళుతున్నాయి. ధర పలికేదాన్ని వ్యర్థం అనగలమా?

ప్లాస్టిక్ అచ్చుల యూనిట్ నడిపే తెలుగువారెవరైనా ఈ సరుకు కొనబోతే, ‘గ్రీన్’ అన్న ముద్ర చూసి సంతకం పెట్టకండి. బూడిద శాతం, రేణువు పరిమాణం, ఇంపాక్ట్ పరీక్ష ఫలితం, ఈ మూడూ కాగితం మీద అడగండి. ఈ నెల లాట్‌కీ, వచ్చే నెల లాట్‌కీ విడివిడిగా అడగండి.