బోరు నీళ్లలో యురేనియం: రాతిదా, గనిదా?

వేముల: అణుశక్తి అనగానే చాలామందికి బాంబు గుర్తుకొస్తుంది, లేదా కరెంటు గుర్తుకొస్తుంది. కడప జిల్లా వేముల మండలంలో మాత్రం బోరు గుర్తుకొస్తుంది. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న ఒక్కటే. మన బోరు నీళ్లకు ఏమైంది? ఎవరివల్ల అయింది?

ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతికే విద్య అణుశాస్త్రంలోనే ఉంది. అయితే ముందు రాయి సంగతి చెప్పుకోవాలి.

తుమ్మలపల్లె రాతిలో యురేనియం ఉందని తెలిసి కూడా శాస్త్రజ్ఞులు చాలాకాలం దాని జోలికి పోలేదు. ఖనిజం బహు పలచన. టన్ను రాయి తవ్వితే అందులో ఉండే యురేనియం ఆక్సైడు సుమారు 400 గ్రాములు. పైగా అది సున్నపురాతి జాతికి చెందిన రాయి. బీహారులో, అంటే నేటి జార్ఖండులో, జాదూగూడ గని వద్ద 1960ల నుంచి చేస్తున్నట్టు గంధకామ్లం పోసి కరిగించబోతే ఇక్కడ కుదరదు. పోసిన ఆమ్లాన్నంతా రాయే బుసబుస పొంగి తాగేస్తుంది.

చివరకు దొరికిన ఉపాయం సోడా! రాతిని పిండిచేసి, బట్టల సోడా, వంట సోడా కలిపిన నీళ్లలో వేసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ల వంటి పాత్రల్లో ఆక్సిజన్ పంపుతూ నూరు డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిస్తారు. యురేనియం సోడాతో జతకట్టి నీళ్లలోకి దిగుతుంది. రాయి మిగిలిపోతుంది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రం తోడ్పాటుతో ఈ పద్ధతి రూపొందింది. 2007లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 2012లో ప్రారంభమైంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజాన్ని ఆడించేలా దాన్ని కట్టారు. ఇక్కడి సరుకు హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి చేరి, రియాక్టర్లకు బిళ్లలుగా తయారవుతుంది.

టన్నులో 400 గ్రాములు పోగా మిగిలినదాని మాటేమిటి? అది బురదై గొట్టాల వెంట వ్యర్థాల చెరువుకు పోతుంది. అక్కడివాళ్లు టెయిలింగ్ పాండ్ అనేది దీన్నే. యురేనియం తీసేశారు గనక ఇది ఉత్త మట్టి అనుకోరాదు. రేడియం, థోరియం వంటివి అందులోనే ఉండిపోతాయి. ముడి రాతిలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఇట్లాంటి వ్యర్థాల్లోనే మిగులుతుంది. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. దానికి తోడు వాడిన సోడా తాలూకు లవణాలు.

చెరువు ఊట బోర్లలో కలుస్తున్నదని కె.కె.కొట్టాల, కనంపల్లె తదితర గ్రామాల రైతులు 2018 నాటికే గొంతెత్తారు. అరటి తోటలు ఎండుతున్నాయని, నేల చౌడు బారుతున్నదని చెప్పారు. సంస్థ ఒప్పుకోలేదు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది.

రెండు వైపులా వాదన ఉంది

ఇక్కడే చిక్కుంది. కర్మాగారంలో సోడా చేసే పనిని భూమిలో ప్రకృతి కూడా నెమ్మదిగా చేస్తుంది. భూగర్భ జలంలో బైకార్బొనేటు సహజంగానే ఉంటుంది. అది రాతిలోని యురేనియాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తూ ఉంటుంది. గని పేరే ఎరుగని ఊళ్లలో సైతం బోరు నీళ్లలో యురేనియం కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి నీళ్లలో యురేనియం ఉన్నంత మాత్రాన గనిదే తప్పని తేల్చలేం. ఈ రాతిలో ఎప్పటినుంచో ఉన్నదేనని చేతులు దులుపుకోవడమూ చెల్లదు.

తేల్చే దారి ఒకటుంది. యురేనియంలో 238, 234 అనే రకాలున్నాయి. కదలని పాత రాతిలో ఈ రెండింటి రేడియోధార్మికత సరిసమానం. 238 క్షీణించి 234గా మారేటప్పుడు ఆ పరమాణువుకు ఒక కుదుపు తగిలి, అది ఉన్నచోట పట్టు సడలుతుంది. అందుచేత రాతి సందుల్లో నిదానంగా పారే నీళ్లలోకి 234 పాలు ఎక్కువగా దిగుతుంది. సహజ జలంలో దాని పాలు తరచు ఎక్కువగా ఉండేది ఇందుకే. కర్మాగారంలో అట్లా కాదు. రాయంతా పిండై ఉడుకుతుంది గనక రెండూ సమంగా బయటికొస్తాయి. అంటే 234 పాలు బాగా ఎక్కువైతే రాతివైపు, సరిసమానమైతే కర్మాగారం వైపు వేలు చూపవచ్చు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని కాన్యన్ సిటీ యురేనియం మిల్లు చుట్టూ 1990లలో ఇట్లాగే పరిశోధించారు.

ఇదొక్కటే చాలదు. సోడియం, సల్ఫేటు కూడా కొలవాలి. భూగర్భ జలం ఏ వైపు నుంచి ఏ వైపుకు నడుస్తున్నదో చూడాలి. చెరువుకు ఎగువన, దూరాన ఉన్న బోర్లతో పోల్చాలి. నేల చౌడెక్కే విషయంలో యురేనియం కన్నా ముందు అనుమానించవలసింది సోడియాన్నే.

తాగే నీళ్ల సంగతి వేరు. యురేనియం ఎవరిదైనా కడుపులోకి పోయేది మనకే. లీటరు తాగునీటిలో 30 మైక్రోగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణాల సంస్థ పరిమితి పెట్టింది. మోతాదు మించితే ముందు దెబ్బ తినేవి మూత్రపిండాలు. కాచి చల్లార్చితే పోతుందనుకుంటే పొరపాటు. నీరు ఇగిరి యురేనియం పాలు ఇంకా పెరుగుతుంది. ఆర్వో యంత్రం దాన్ని బాగా వడగడుతుంది. అయితే అది వదిలే నీళ్లలో యురేనియం మరింత చిక్కబడుతుంది. ఆ నీళ్లను గొడ్ల తొట్టిలోకి పట్టకూడదు.

అసలు ఇంత రాయి తవ్వకుండా గడవదా అన్న ప్రశ్న మీద కూడా ప్రపంచంలో పరిశోధన జరుగుతోంది. సముద్రపు నీటిలో లీటరుకు 3 మైక్రోగ్రాముల పైచిలుకు యురేనియం ఉంది. దాన్ని పట్టే ప్రత్యేకమైన దారాలను జపాన్, చైనా శాస్త్రజ్ఞులు సముద్రంలో వేలాడదీసి చూశారు. పట్టడం పట్టింది, ఖర్చే దిగిరావడం లేదు. సహజ యురేనియంలో సులభంగా మండేది నూటికి ఒక పాలైనా లేదు. మిగతాదాన్ని కూడా ఇంధనంగా మార్చే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరును కల్పాక్కంలో 500 మెగావాట్ల స్థాయిలో నిర్మించారు. 2024 మార్చిలో అందులో కోర్ నింపడం మొదలైంది. అవన్నీ నెగ్గితే రేపటి తవ్వకం తగ్గవచ్చు. చెరువులో ఇప్పటికే చేరిన బురద మాత్రం తరగదు.

కాబట్టి వేముల రైతులు అడగవలసింది బోరు బోరుకూ లెక్క. యురేనియం ఎంత, 234 పాలు ఎంత, సోడియం ఎంత, వానలకు ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. నీళ్లు పట్టుకుపోయే రోజున ఏ బోరులో పట్టారో, సీసా మీద ఏ పేరు రాశారో చూడటానికి ఊరివాళ్లు కూడా పక్కన ఉండాలి.