మోడిఫై చేసిన పాత కారు అమ్ముతున్నారా? పేరు మారేదాకా బాధ్యత మీదే

ముచ్చటపడి కొనుక్కున్న పాత ఆక్టేవియా ఆర్‌ఎస్. ఎగ్జాస్ట్ మార్చారు, సస్పెన్షన్ దించారు, రంగూ మార్చారు. ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఒకరు కొంటామన్నారు. డబ్బు తీసుకుని తాళాలు ఇచ్చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆర్టీఏ రికార్డుల్లో పేరు మారనంతవరకు ఓనర్ మీరే. అమ్మేశాక జరిగిన ప్రమాదానికైనా పరిహారం బాధ్యత రికార్డుల్లో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది. కాబట్టి ‘తర్వాత మార్పించుకుంటాలే’ అన్న మాటను స్నేహితుడు చెప్పినా నమ్మొద్దు. ఫారం 29, 30 సంతకాలు బేరం రోజే పూర్తి చేయండి. కొనేవారు మీ రాష్ట్రం వారే అయితే 14 రోజుల్లోగా మీరు ఆర్టీఏకు తెలియజేయాలి. లోన్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోతే ఫారం 35తో తీయించాలి. కారుకు 15 ఏళ్లు నిండితే ముందు ఆర్సీ రెన్యువల్.

అసలు చిక్కు మార్పులతోనే. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా కారును మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. దొరికితే ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ. మెకానిక్ షెడ్డులో పడి ఉన్న ఒరిజినల్ సైలెన్సర్, స్ప్రింగులు తిరిగి బిగించండి. కొత్త రంగును ఆర్సీలో ఎక్కించండి. మార్పులకు పెట్టిన డబ్బు ధరలో తిరిగొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయించుకోండి. ఆ సాయంత్రమే స్పీడ్ చలానా పడితే అది మీ పేరు మీదే వస్తుంది మరి.