నిప్పు తీసేసిన సిగరెట్

అరకు, పాడేరు కొండల్లో చుట్ట తాగే గిరిజన మహిళల్లో చాలామంది దాన్ని తిరగేసి తాగుతారు. వెలుగుతున్న కొస నోట్లో ఉంటుంది, పెదాలు మూసి ఉంటాయి, బూడిద నాలుక మీద పడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలోనూ ఈ అలవాటు పాతదే, అడ్డపొగ అంటారు. అలా తాగితే గాలికీ వానకీ చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో దంత పరిశోధన చేసిన ఫాలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. మిగతా ప్రపంచంలో పొగతాగేవాళ్లకు అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో మాత్రం తరచుగా కనబడుతోంది. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు కూడా ఆ దశకంలోనే ఇదే సంగతి రాశారు. ఆకు మారలేదు, చుట్టే తీరు మారలేదు. నిప్పు ఉన్న చోటు మారింది, జబ్బు ఆ చోటికి వచ్చింది. పొగాకు వల్ల జరిగే హానిలో కాలడం పాత్ర ఎంతో తెలుసుకోవడానికి ఇంతకంటే సూటైన సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. ఈ-సిగరెట్‌ను మామూలు సిగరెట్‌తో పోల్చి చూసేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసింది ఈ కొండల చుట్టనే అని నా అభిప్రాయం.

సిగరెట్ నిజానికి ఒక చిన్న కొలిమి. దమ్ము లాగిన క్షణంలో దాని కొస 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలో ఆకు విచ్ఛిన్నమై కొన్ని వేల రసాయనాలు పుడతాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలని గుర్తించారు. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆ కాలడంలోంచే వస్తాయి. మనిషిని కట్టిపడేసే నికోటిన్ మాత్రం ఆకులో ముందునుంచే ఉంటుంది, వేడికి ఆవిరై పొగతో పాటు లోపలికి పోతుంది. అమెరికాలో జేమ్స్ బొన్సాక్ 1880లో తయారుచేసిన యంత్రం రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టగలిగాక ఈ కొలిమి చౌకై లోకమంతా పాకింది. నికోటిన్‌ను నిప్పు నుంచి విడదీయవచ్చన్న ఆలోచన రావడానికి మరో 80 ఏళ్లు పట్టింది. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు పెట్టి 1965లో పేటెంట్ తెచ్చుకున్న పరికరంలో పొగాకూ లేదు, మంటా లేదు. రుచి కలిపిన తేమగాలిని వెచ్చచేసి పీల్చడమే. దాన్ని కొనేవాళ్లు దొరకలేదు. 2003లో చైనాలో, తానే విపరీతంగా సిగరెట్లు కాల్చే హోన్ లిక్ అనే ఫార్మసిస్టు నికోటిన్ ద్రవాన్ని సన్నని తుంపరగా మార్చే పరికరం చేశాడు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. మొదట శబ్ద తరంగాలతో తుంపర చేసిన ఆ పరికరంలోకి తర్వాత వేడెక్కే తీగచుట్ట వచ్చింది. ఇవాళ్టి ఈ-సిగరెట్‌లో, అంటే వేప్‌లో, ఉండేది ఇంతే: లిథియం బ్యాటరీ, తీగచుట్ట, దూదివత్తి, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచులు కలిసిన ద్రవం. సాధారణంగా తీగ రెండు మూడు వందల డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. ద్రవం కాలదు, ఆవిరై చల్లబడి తుంపర అవుతుంది. వత్తి ఎండిపోతేనో తీగ అతిగా వేడెక్కితేనో ఫార్మాల్డిహైడ్ వంటివి పుడతాయి, కాబట్టి హాని లేదనడానికి వీల్లేదు.

అయినా తేడా పెద్దది. పూర్తిగా వేప్‌కు మారినవాళ్ల మూత్రంలో పొగాకుకే ప్రత్యేకమైన క్యాన్సర్ కారకాల ఆనవాళ్లు బాగా తగ్గుతాయి, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ పడిపోతుంది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో, దీర్ఘకాలిక హాని సిగరెట్ హానిలో 5 శాతం దాటకపోవచ్చని అంచనా వేసింది. ఆ అంకెను నేను అక్షరసత్యంగా తీసుకోను. అది కొలత కాదు, నిపుణుల అంచనా. పరికరం వయసు ఇరవై ఏళ్లే, క్యాన్సర్ బయటపడడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చు, గుండె మీద ప్రభావం ఇంకా తేలాలి. కానీ ఎటు మొగ్గుతోందన్నది మాత్రం స్పష్టం. మానడానికి పనికొస్తుందా అన్న ప్రశ్నకు 2019లో బ్రిటన్ నుంచి మంచి సమాధానం వచ్చింది. 886 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నికోటిన్ గమ్, పట్టీల వంటివీ, రెండో జట్టుకు ఈ-సిగరెట్లూ ఇచ్చారు. ఏడాది తర్వాత సిగరెట్ మానేసినవాళ్లు మొదటి జట్టులో 9.9 శాతం, రెండో జట్టులో 18 శాతం. అయితే ఈ-సిగరెట్‌తో మానేసినవాళ్లలో 80 శాతం మంది అప్పటికీ ఈ-సిగరెట్ పీలుస్తూనే ఉన్నారు. గమ్, పట్టీల వంటివి వాడి మానినవాళ్లలో వాటిని ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే. సిగరెట్ పోయింది, నికోటిన్ బానిసత్వం మిగిలింది. ఊపిరితిత్తులు పాడవుతున్న నలభై ఏళ్ల మనిషికి అది లాభసాటి బేరమే. ఎప్పుడూ పొగ తాగని మనిషికి మాత్రం అందులో నష్టమే తప్ప లాభం లేదు.

ఇలాంటి మాటలు ఇంతకుముందు విన్నవే కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను గౌరవించాలి. 1950లలో ఫిల్టర్ సిగరెట్లు, ఆ తర్వాత లైట్ సిగరెట్లు ఇదే భరోసాతో అమ్ముడయ్యాయి. ఫిల్టర్‌కు సన్నని రంధ్రాలు పెడితే పరీక్ష యంత్రంలో తారు తక్కువగా కనబడింది; తాగేవాళ్లు ఇంకా గట్టిగా, ఇంకా లోతుగా పీల్చి ఆ తేడాను పూడ్చుకున్నారు. హోన్ లిక్ పేటెంట్లను 2013లో ఓ పెద్ద సిగరెట్ కంపెనీయే కొనుక్కుంది కాబట్టి అనుమానం ఉండవలసిందే. కానీ ఫిల్టర్ నిప్పును తీసేయలేదు, దాని ముందు ఒక దూదిలాంటి ముక్క పెట్టింది. వేప్‌లో నిప్పే లేదు, తేడా తాగినవాళ్ల ఊపిరిలో, మూత్రంలోనే కొలవగలిగాం. 2019-20లో అమెరికాలో 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలై 68 మంది చనిపోయిన ఊపిరితిత్తుల జబ్బును కూడా వేప్‌ల ఖాతాలో వేస్తారు. దానికి ప్రధాన కారణంగా తేలింది గంజాయి సారం ఉన్న దొంగసరుకు ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. ఏది పీలుస్తున్నామో తెలియని చోట ఈ పరికరం ఎంత ప్రమాదకరమో ఆ మరణాలు చెబుతాయి.

నా వాదానికి అసలు గట్టి అభ్యంతరం మన సంతల్లోనే ఉంది. నిప్పే శత్రువైతే ఖైనీలో నిప్పు లేదు, మరి నోటి క్యాన్సర్ ఎందుకు వస్తోంది? ఆకును ఆరబెట్టి మాగబెట్టే దశలోనే నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు అందులో చేరతాయి, నమిలినప్పుడు నేరుగా చిగుళ్లకు తగులుతాయి. కాబట్టి హానికి రెండు మూలాలున్నాయి: కాలడం ఒకటి, ఆకు మరొకటి. శుద్ధిచేసిన నికోటిన్‌తో చేసిన ద్రవంలో మొదటిది లేదు, రెండోది అతి స్వల్పం. చుట్ట మాని ఖైనీ పట్టుకున్న మనిషి ఊపిరితిత్తులకు మేలు చేసుకున్నా నోటిని కాపాడుకోలేదు. అలాగే వేప్ పీలుస్తూ రోజుకు రెండు సిగరెట్లు ఉంచుకున్న మనిషి కూడా మోసపోతున్నాడు. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవాళ్లకు పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. మారితే పూర్తిగా మారాలి. సగం మార్పుకు సగం ఫలం రాదు.

భారతదేశంలో ఈ చర్చకు చట్టం అడ్డుగీత గీసింది. 2019 సెప్టెంబరు 18 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే ఏడు అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్లు వాడుతున్నట్టు సర్వేలో తేలింది కాబట్టి, పిల్లలు అలవాటు పడతారన్న మన ప్రభుత్వ భయానికి ఆధారం ఉంది. నికోటిన్ ఎదిగే మెదడును పట్టుకుంటే వదలదు. అయితే అన్నిటికంటే హానికరమైన బీడీ, సిగరెట్, చుట్ట కిళ్లీకొట్టులో దొరుకుతూ, వాటికంటే తక్కువ హాని చేసేది నేరం కావడం పొగ మానలేక నలిగిపోతున్న పెద్దవాళ్లకు న్యాయం కాదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన పెద్దల్లో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. పేదవాడి పొగ బీడీ, కొండల్లో చుట్ట. నిషేధం ఎత్తేసినా ఛార్జింగ్, ద్రవం, తీగచుట్టల ఖర్చుతో వేప్ పాడేరు కొండల్లోని ముంచంగిపుట్టు సంతకు చేరి చుట్టను తరిమేస్తుందని నేను నమ్మను. చేరితే ముందు బడి పిల్లల చేతుల్లోకే చేరుతుంది. అందుకే ఇక్కడ నిషేధాన్ని ఎత్తేయమని నేను అడగను.

అడిగేది వేరు. నిప్పూ ఆకూ లేకుండా నికోటిన్ ఇచ్చే వస్తువు చట్టబద్ధంగా ఎప్పటినుంచో ఉంది. నికోటిన్ గమ్, పట్టీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. 2 మిల్లీగ్రాముల గమ్ మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే దొరుకుతుంది. అరకు, పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అది ఉచితంగా, ఎప్పుడు అడిగినా దొరకాలి. వాడే పద్ధతి కూడా చెప్పాలి: చూయింగ్ గమ్‌లా ఏకబిగిన నమలకూడదు, కాస్త ఘాటు తగిలాక బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కిపెట్టి ఉంచాలి. మాట సాయం తక్కువది కాదు. పిండ్‌బోర్గ్ సర్వే జరిగిన శ్రీకాకుళంతో పాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్లతో టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం ఏళ్ల తరబడి మాట్లాడింది, ఫలితాలు 1986లో వచ్చాయి. మనిషికి మనిషి చెప్పగా పొగాకు మానేవాళ్లు పెరిగారు. ఆ పని ఇక్కడ ఆదివాసీ ఒడియా, కువి, తెలుగు భాషల్లో జరగాలి. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు టార్చిలైటు వెలుగులో కంటికి కనబడతాయి. శిక్షణ ఇస్తే ఆశా కార్యకర్త గుర్తించగలదు. అలా గుర్తించినవాళ్లను విశాఖ కేజీహెచ్‌కో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో పంపడానికి బండి, దారిఖర్చు, తోడు ముందే సిద్ధంగా ఉండాలి.