ఇంజనుకు బలము పెంచుట – స్వయముగానా, షెడ్డులోనా?

కారు గలవారిలో ననేకులకు, అందు ముఖ్యముగా యౌవనులకు, దాని యింజను బలమును పెంచవలెనను కోరిక యెప్పుడో యొకప్పుడు కలుగక మానదు. ఘాటురోడ్డుమీద లారీని దాటలేకపోవుటయో, పాతకారు పొగ క్రక్కుటయో, పొరుగువాని కారు ముందుకు దూసికొనిపోవుటయో యిందులకు కారణమగును. పిమ్మట వచ్చు ప్రశ్న యిది: ఈ పనిని షెడ్డువారికి సొమ్మిచ్చి చేయించుటయా, పానా పట్టుకొని స్వయముగా చేసికొనుటయా? చాలమంది దీనిని వెలల ప్రశ్నగా నెంచి, మేస్త్రీకూలి యెంత, సామానుల ధర యెంత యని లెక్కవేయుదురు. ఆ లెక్క యవసరమే గాని యది రెండవది. మొదట నడుగవలసినది వేఱొకటి కలదు. ఈ పనిలో పొరపాటు జరిగినచో నాకది వెంటనే తెలియునా? తెలిసినచో పూర్వస్థితికి మరల్చుకొనగలనా? ఈ రెంటికిని ఔనని చెప్పగలిగినప్పుడే యాపని యింట చేసికొనదగినది.

ఇట్టి విభజన మోటారుబండి యంత పాతది. 1888 వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీదేశమున బెర్తా బెంజి యను నామె, తన భర్తయైన కార్లు బెంజి నిర్మించిన మూడుచక్రముల బండిని ఆయనకు చెప్పకయే తీసికొని, యిద్దరు కుమారులతో మాన్‌హైము నగరమునుండి ఫోర్ట్స్‌హైమునకు ప్రయాణము చేసెను. దూరము నూఱు కిలోమీటర్లకు పైబడినది. దారిలో ఇంధనపు గొట్టము పూడగా టోపీసూదితో దానిని తానే పొడిచి శుభ్రపఱచెను. విద్యుత్తు తీగ యొరసికొనగా తన మేజోటిపట్టీతో చుట్టెను. గొలుసు చెడినప్పుడు మాత్రము బ్రూహ్సాలు పట్టణమున కమ్మరిచేత బాగుచేయించెను. బ్రేకుదిమ్మెలు అరిగినప్పుడు చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. సూదితో తీరుదానికి ఆమె యెవ్వరికొఱకును కనిపెట్టుకొనలేదు. కొలిమి వలసినచోట తన చేతులను నమ్ముకొనలేదు. ఇంటికి వచ్చినపిదప, మిట్టలెక్కుటకై బండికి మఱియొక గేరు చేర్చవలెనని భర్తకు సలహా చెప్పెనట.

ఇంజనుకు బల మెక్కడనుండి వచ్చునో తెలియనిదే ఏ మార్పును తూచి చూడలేము. పెట్రోలు పూర్తిగా మండుటకు, తూకమున నొక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. కావున ఇంజను నిజముగా గాలిని త్రాగు యంత్రము. మన యూళ్లలో దీర్ఘకాలము తిరిగిన అంబాసిడరును తీసికొందము. అందు చాలకాల ముండిన పెట్రోలు ఇంజను పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు, ప్రతి సిలిండరును రెండు చుట్ల కొకమారు గాలి పీల్చును గనుక, నిండుగా పీల్చినచో నిమిషమునకు 2,200 లీటర్లకు పైగా గాలి దానిలోనికి పోవలెను. బలము పెంచు నుపాయములన్నియు మూడు త్రోవలలో నున్నవి: ఎక్కువ గాలిని లోనికి పంపుట, దానిని మఱింత గట్టిగా నొత్తుట, సరియైన క్షణమున నంటించుట. సైలెన్సరులోని తడకలను తీసివేయుట వలన పెరుగునది చాలవఱకు శబ్దమే. వీధిలో నిద్రించువారిని లేపుటకు దానికంటె చౌకయైన సాధనము లేదు!

మూడవ త్రోవ, అనగా అంటించు పని, ఇంట చేయుట కన్నిటికంటె అనుకూలము. పైన చెప్పిన వేగమున నాలుగు సిలిండర్లలో కలిపి సెకండునకు 100 మారులు నిప్పురవ్వ పుట్టవలెను. పాత కార్లలో ఈ పని డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు చేయును. అవి కాలును, అరుగును, వాని మధ్యనుండు సందు మారిపోవును. వానికి బదులుగా ఎలక్ట్రానిక్ ఇగ్నిషను అమర్చుట మంచి మార్పు. బలము మిక్కిలిగా పెరుగకపోయినను, పోయిన బలము తిరిగి వచ్చును. చేతికి వలసినవి చిన్నపానాలు, స్క్రూడ్రైవరు, టైమింగు దీపము మాత్రమే. తప్పు చేసినచో ఇంజను అంటుకొనదు, లేదా ముక్కిమూల్గి అంటుకొనును.  డబ్బాలో దాచిన పాత పాయింట్లను తిరిగి బిగించి షెడ్డునకు నడుపుకొని పోవచ్చును. స్పార్కుప్లగ్గులు మార్చుట, గాలివడపోతను మార్చుట, వాల్వుల సందును ఫీలరు రేకుతో చూచి సవరించుట గూడ నీ కోవలోనివే. ఈ పనులకు సొమ్మిచ్చువాడు తన బండిని గూర్చి నేర్చుకొను అవకాశమును గూడ నమ్ముకొనుచున్నాడని నా యభిప్రాయము.

కార్బురేటరు మార్పు దీనివలె కనబడును గాని దీనివంటిది కాదు. క్రొత్తదానిని బిగించుట సులభమే. అందులో పెట్రోలు వదలు జెట్టు చిన్నదైనచో, మిశ్రమము పలుచబడి, కారు మొదటిదినమున చక్కగానే పరుగెత్తును. లోపల వేడి పెరుగుచుండును. ఏదో యొక ఎండకాలపు దీర్ఘప్రయాణమున పిస్టను కరగి చిల్లిపడును. ఇది వెంటనే తెలియని తప్పు. అయినను దీనిని కనుగొనుటకు సాధన మొకటి కలదు: కొంతదూరము బలముగా నడిపి, ఇంజను నాపి, ప్లగ్గులను విప్పి చూడవలెను. గోధుమవన్నె మంచిది. నల్లనిమసి పెట్రోలెక్కువయైనదని చెప్పును; తెల్లగా కాలియున్నచో మిశ్రమము పలుచనిదని యెఱుగవలెను. ఈ పరీక్ష చేయు నోపిక గలవాడు కార్బురేటరును తాకవచ్చును, లేనివాడు తాకరాదు.

ఇక రెండవ త్రోవ, గాలిని గట్టిగా నొత్తుట. సిలిండరుపై నుండు మూతను, అనగా హెడ్డును, చిత్రికపట్టి లోని ఖాళీని తగ్గించుట దీని పద్ధతి. అంబాసిడరు ఇంజనులో నొక్కొక్క సిలిండరునకు వచ్చు భాగము 372 ఘన సెంటీమీటర్లు. ఒత్తిడి నిష్పత్తి 7.2 ఉన్నదనుకొన్నచో, పిస్టను పైకి వచ్చినప్పుడు మిగులు ఖాళీ 60 ఘన సెంటీమీటర్లు. దానిని 8.3 చేయుటకు ఖాళీ 51 కి దిగవలెను. ఈ తొమ్మిది ఘన సెంటీమీటర్ల కొఱకు హెడ్డును విప్పి, లేతుషాపునకు పంపి, తిరిగి బిగించుటవలన కలుగు లాభమెంత? భౌతికశాస్త్ర సూత్రము ప్రకారము ఆదర్శయంత్రములో సామర్థ్యము 54.6 పాళ్లనుండి 57.1 పాళ్లకు పెరుగును. అనగా ఉన్నబలమునకు నూటికి నాలుగున్నర చేరును. నష్టమన్ననో, కోసిన లోహము తిరిగి రాదు. ఎక్కువ కోసినచో పెట్రోలు తనంత తానే ప్రేలి ఇంజను టకటకలాడును. వంకరగా కోసినచో గాస్కెట్టు ఎగిరిపోయి నీరు సిలిండరులోనికి దిగును. నట్లను నడుమనుండి వెలుపలికి, క్రమముగా, మూడునాలుగు విడతలుగ, టార్కుపానాతో పుస్తకములో చెప్పిన కొలతకు బిగించవలెను. అంత చేసి సాధించిన నాలుగున్నర పాళ్లను నడుపువాడు గుర్తింపగలడో లేదో సందేహమే. హెడ్డు వేఱొక కారణమున విప్పబడినప్పుడు తప్ప ఈ పనికి పూనుకొనరాదు. పూనుకొన్నను చిత్రికపట్టుట నిపుణునిదే.

ఏ మార్పుకైనను ముందు ఇంజను ఆరోగ్యమును పరీక్షింపవలెను. దీనికి కంప్రెషను గేజి యను చిన్న పరికరము చాలును. ఇంజనును వేడిచేసి, ప్లగ్గులన్నిటిని తీసి, విద్యుత్తు తీగను విడదీసి, యాక్సిలరేటరును పూర్తిగ నొక్కి, సెల్ఫుతో కొన్ని చుట్లు త్రిప్పుచు ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని వ్రాసికొనవలెను. నాలుగును ఇంచుమించు సమానమైనచో మేలు. ఒకటి తక్కువైనచో దానిలో చెంచాడు నూనె పోసి మరల చూడవలెను. అంకె పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వు సరిగ మూసికొనుట లేదు. ప్రక్కప్రక్కనున్న రెండును తగ్గినచో వాని నడుమ గాస్కెట్టు పోయినదని యనుమానింపవలెను. రింగులరిగిన యింజనుకు క్రొత్త కార్బురేటరు పెట్టుట, పండ్లూడిన ముదుసలికి చెఱకుగడ యిచ్చినట్లుండును.

అట్టి యింజనుకు కావలసినది బోరింగు. సిలిండరులను అంగుళములో వేయింట పదియో ఇరువదియో వంతులు పెద్దవి చేసి, తగిన క్రొత్త పిస్టనులు వేయుదురు. ఈ కొలతలు కంటికి గాని వ్రేలికి గాని అందవు. విజయవాడ ఆటోనగరు వంటిచోట్ల నీపనికే యంత్రములు పెట్టుకొనినవారు కలరు. సాధారణపు షెడ్డులలోని మేస్త్రీలు గూడ బ్లాకును వారియొద్దకే పంపుదురు. కనుక ఇచ్చట స్వయముగా చేయుట యనగా విప్పుట, శుభ్రపఱచుట, మోసికొనిపోవుట, తిరిగి బిగించుట మాత్రమే. విప్పిన ప్రతి నట్టును గుర్తుపెట్టి డబ్బాలలో సర్దుకొను స్వభావము గలవారికి కొంత సొమ్ము మిగులును. కాని పని ముగియువఱకు కారు కదలదు. దినమునకొక గంట తీరికగల యుద్యోగికి నెలలు పట్టవచ్చును.

క్రొత్తకార్ల విషయము వేఱు. మనదేశమున 2020 ఏప్రిలు 1 వ తేదీనుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట, పెట్రోలును టైమింగును నిర్ణయించునది కంప్యూటరే. దాని పట్టికను మార్చి బలము పెంచెదమను షెడ్డులు కలవు. యజమాని కంటికి కనబడునది లోపలేమియు లేదు. తయారీదారుల హామీ గూడ పోవచ్చును. నన్నడిగినచో, హామీగల కారును ఇంటనుగాని షెడ్డున గాని ముట్టకుండుటయే మేలు.

చట్టమును గూడ చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారులు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 సవరణ పిదప, అనుమతిలేని యొక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాగాని, ఆఱునెలలవఱకు శిక్షగాని, రెండునుగాని విధింపవచ్చును. సి.ఎన్.జి. గ్యాసునకు మార్చుట అనుమతింపబడినదే గాని, ఆమోదింపబడిన సామగ్రితో, అధికారముగల వారిచేత చేయించి, పత్రములో వ్రాయించుకొనవలెను. ఆ సిలిండరులో గ్యాసు 200 వాతావరణముల యొత్తిడిలో నుండును. దీనిని ఇంటిముంగిట చేయబూనుట పెరటిలో బాంబును పాతిపెట్టుటయే.

బలము పెంచినవాడు బ్రేకులను మఱచుట సర్వసాధారణము. గమనశక్తి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగునని తరగతిలో చదివియున్నాము. గంటకు 60 కిలోమీటర్లనుండి 80 కి పోయిన కారును ఆపుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి 9 నుండి 16 కు పెరుగును. అనగా ఇంచుమించు ఎనుబదిపాళ్లు అధికము. పాత అంబాసిడరుకు నాలుగుచక్రములకును డ్రమ్ముబ్రేకులే. కావున ఇంజనుకని కూడబెట్టిన సొమ్ములో మొదటిభాగము బ్రేకులకు పోవలెను. అందును పని తెలిసిన మేస్త్రీకే.

షెడ్డునకు ఇచ్చునప్పుడు ఏ భాగమును మార్చెదరో, ఎంత యగునో కాగితముమీద వ్రాయించుకొనవలెను. తీసిన పాత భాగములను తిరిగి యిమ్మని పని మొదలుకాకమునుపే చెప్పవలెను. పని యైనపిదప నడిగినచో అవి కనబడవు. బండిని ఇచ్చునప్పటి నాలుగు సిలిండరుల ఒత్తిడి అంకెలు మన చీటీలో నుండవలెను. తీసికొనునప్పుడు అదే గేజితో మన యెదుట మరల చూపించుమనవలెను. మంచి మేస్త్రీ దీనికి కోపగించుకొనడు. అంకెలలో నొకటి తక్కినవానికంటె దిగువనున్నచో, సొమ్ము చెల్లింపకమునుపే ఇంజనును మరల విప్పించవలెను.